ఫ్యాన్ బంద్ చేసి పడుకునే మా జోసెఫ్ బావ

నిన్న పొద్దున ఫోన్ ఎత్తగానే అక్క ఏడుపు. బావ లేడట. హార్ట్ ఎటాక్.

మొన్న ఆదివారమే కదా మా ఇంట్లో భోంచేసి, మా ఆయన పొట్ట మీద జోకులేసి వెళ్లింది!

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. బావ ఇంజినీర్. కొత్తగా కట్టిన బిల్డింగులు ఎంత కరెంటు తింటాయో, ఎండకు ఎంత కాగుతాయో చూసి రేటింగ్ సర్టిఫికెట్లు ఇవ్వడం ఆయన డ్యూటీ. హైదరాబాద్ నుంచి లీవులో వచ్చాడంటే చుట్టాల కొత్త ఇళ్లన్నింటికీ ఫ్రీ ఇన్‌స్పెక్షన్.

మన ఇళ్లను టెస్ట్ చేయడానికి మాత్రం మీటర్లూ లెక్కలూ ఏమీ లేవు. ఎండాకాలం మధ్యాహ్నం కడుపునిండా తిని, ఫ్యాన్ బంద్ చేసి, వట్టి నేల మీద పడుకునేవాడు.

నిద్రపడితే ఇల్లు పాస్. లేకపోతే ఫెయిల్.

బోనకల్‌లో మేం ఇల్లు కట్టినప్పుడు నాకు ఒకటే పట్టుదల, బావతో పాస్ అనిపించుకోవాలని. మా అత్తమ్మకు ఉక్కపోత అస్సలు పడదు. కరెంటేమో ఎప్పుడు పోతుందో తెలియదు.

మేం ఇంట్లోకి దిగకముందే వచ్చాడు. మటన్ తిన్నాడు. పడుకున్నాడు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. చెమటలు కక్కుతూ లేచి, పడమటి గోడకు మా ఆయన ముచ్చటపడి పెట్టించిన పెద్ద అద్దాల కిటికీ వంక చూశాడు.

"గిది ఇల్లు కాదు మరదలా, ఇడ్లీ పాత్ర. ఫెయిల్."

మా ఆయన అలిగి చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయినా చివరికి ఆ కిటికీ మూయించాడు. స్లాబ్ మీద తెల్ల సున్నం కొట్టించి, పడమటి వైపు తాటాకు పందిరి వేయించాడు.

ఇంటి ప్రార్థన రోజు మళ్లీ టెస్ట్. పాస్టర్ గారు వచ్చేసరికి బావ హాలు మధ్యలో గుర్రు పెడుతున్నాడు. లేపబోతే పాస్టర్ గారే వద్దన్నారు. అందరం ఆయన చుట్టూ నిలబడి ప్రార్థన చేశాం. ఆమెన్ అన్నా లేవలేదు మహానుభావుడు!

లేచాక సర్టిఫికెట్ ఏదని అడిగాను.

"గంత గురక పెట్టిన. ఇంక కాయితం ఎందుకు?" అన్నాడు.

ఇన్ని ఇళ్లు చూసిన మనిషి తనకంటూ ఒకటి కట్టుకోలేదు. అక్కావాళ్లది ఇల్లందులో కిరాయి ఇల్లు. నిన్న ఆసుపత్రి నుంచి అంబులెన్స్‌లో తెస్తుంటే, ఓనర్ బాడీని లోపలికి తేవద్దన్నాడు. అక్కకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడెప్పుడో అలిగిన మా ఆయనే, అన్నను మన ఇంటికే తీసుకుపోదామని అంబులెన్స్‌ను బోనకల్‌కు తిప్పించాడు.

అదే హాలు. అదే చోటు.

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంటినిండా జనం. ఒక్కరూ విసనకర్ర అడగలేదు.

అక్క కళ్లు తుడుచుకుని చుట్టూ చూసింది.

"సల్లగనే ఉందే. మంచిగ పండుకున్నడు మీ బావ."

ఏడుస్తూనే నవ్వింది. మేమూ నవ్వాం.

ఇల్లు పాసైంది బావా. ఇక ఎవరం లేపం. దేవుడి దగ్గర చల్లగా, హాయిగా పడుకో.