బుద్రి అత్తకి తెరవని గేటు

నిన్న పొద్దున్న తమ్ముడు ఫోన్ చేసి "అత్త నేదక్కా" అన్నాడు.

"ఏ అత్త?" అని అడిగాను. మాకున్నది ఒక్కతే అత్త. అయినా అలాగే అడిగాను.

డ్యూటీకి వెళ్తూ సాలూరు బస్టాండ్‌లో ఉన్నాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

బుద్రి అత్త మా నాన్న చెల్లెలు. అమ్మ కాఫీ తోట పనికి వెళ్తే నన్ను వీపుకి కట్టుకుని తిరిగిన మనిషి.

ఎలా పోయిందో అందరికీ తెలియాలి. కోపంగా రాస్తున్నాను. ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు.

అరకు టౌన్ చివర నుంచి మా ఊరి పక్కగా పాత రైలు కట్ట ఉంది. లైను వేరే వైపు మార్చాక పట్టాలు పీకేసి వదిలేశారు. అప్పట్నుంచీ అదే మా దారి. సంతకైనా, ఆస్పత్రికైనా ఆ కట్ట మీదే నడిచేవాళ్లం. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు, దాని మీద రైలు బ్రిడ్జి. వానలకి గెడ్డ పొంగితే అవతలికి పోవడానికి మాకు అదొక్కటే దిక్కు.

ఆ కట్టని టూరిస్టులు సైకిళ్లు తొక్కే ట్రైల్ చేస్తాం, నడిచేవాళ్లు కూడా నడవొచ్చు అంటూ టూరిజం సార్లు వచ్చారు. ఊరి మీటింగ్‌లో పెద్దలు అనుమానంగా మొహాలు చూసుకుంటుంటే అత్తే లేచింది.

"దారి బాగుసేత్తామంటే వద్దంటామేటి? బేగి సెయ్యండి బాబూ!"

అందరూ సరేనని చేతులెత్తారు.

గేటు పెడతారా అని ఒక్కరూ అడగలేదు. అడగాలని ఎలా తోస్తుంది? మా కొండల్లో ఇంటికి తలుపుంటుంది. దారికి తలుపుండటం మేమెక్కడా చూడలేదు.

మాకు తెలిసిన అడ్డు ఒక్కటే. చైత్రంలో మేం చేసుకునే ఇటుకల పండక్కి ఆడవాళ్లం దారికి అడ్డంగా వెదురు గడ పెట్టి, పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్లని ఆపుతాం. తోచింది ఇస్తారు. ఇవ్వకపోతే కాసేపు ఆటపట్టించి గడ ఎత్తేస్తాం.

ట్రైల్ బాగా వేశారు. ఆ మాట ఒప్పుకోవాలి.

అత్త మురిసిపోయింది. ఆ వయసులో మనవరాలి సైకిల్ తీసుకుని తొక్కడం నేర్చుకుంది! బ్రేక్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. "తప్పుకోండర్రా, నాకు ఆపడం రాదు!" అని అరుస్తూ వస్తుంటే, సెల్ఫీలు దిగుతున్న వైజాగ్ టూరిస్టులు చెల్లాచెదురయ్యారు. అత్త వెళ్లి వలిసె చేలో పడింది. తల నిండా పసుప్పచ్చ పూలతో లేచి అందరికంటే గట్టిగా తనే నవ్వింది.

తర్వాత బ్రిడ్జికి రెండు వైపులా గేట్లు వచ్చాయి. మనిషి ఎక్కలేనంత ఎత్తు. టైమింగ్స్ బోర్డు వచ్చింది. లోకల్స్‌కి ఫ్రీ అట. మా దారి మాకు ఫ్రీ! కానీ టైమింగ్స్ దాటితే ఎవరికీ లేదు. కావిళ్లు తేకూడదట, సైకిళ్లకి తగులుతాయట.

ఈ ఏడాది పండక్కి ఆడవాళ్లం ట్రైల్ మీద గడ పెట్టాం. ట్రైల్ మేనేజర్ కోపంతో ఊగిపోతూ వచ్చాడు. టూరిస్టుల్ని ఆపితే కేసు పెడతానన్నాడు.

అత్త నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. "నువ్వు ఏడాదంతా మమ్మల్ని ఆపుతున్నావు కదా బాబూ. మేం పండక్కి ఆపితే తప్పయిపోనాదేటి?"

అతను గడ లాక్కుపోయాడు.

నిన్న తెల్లవారుతుండగా అత్త గుండె పట్టుకుని కూలబడింది. ఒకటే వాన. అంబులెన్స్ గెడ్డ అవతల మెయిన్ రోడ్డు మీదికి వచ్చి ఆగింది. మావాళ్లు గడకి దుప్పటి కట్టి, డోలీలో ఆమెను మోసుకుంటూ బ్రిడ్జి దాకా పరుగెత్తారు.

గేటుకి తాళం.

వాచ్‌మన్ దగ్గర తాళంచెవి లేదు. అది టౌన్‌లో మేనేజర్ దగ్గర ఉంటుంది. పాపం అతనూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మేనేజర్ ఎత్తలేదు. తమ్ముడు రాయి తీసుకుని తాళం మీద కొట్టాడు. చాలా మంచి తాళం వేశారు సార్, విరగలేదు.

గెడ్డలోకి దిగే వీల్లేదు. కొండ చుట్టూ తిప్పి తీసుకెళ్దామని బయల్దేరారు. అవతల అంబులెన్స్ లైటు కనిపిస్తూనే ఉంది. డోలీలోనే అత్త ప్రాణం పోయింది.

టైమయ్యాక గేటు తెరిచారు. సైకిళ్లు వెళ్లాయి.

సాయంత్రం అత్తని మట్టి చేసి ఇంటికొచ్చేసరికి ట్రైల్ పేజీలో నివాళి పోస్ట్ కనిపించింది. సైకిల్ మీద నవ్వుతున్న మా అత్త ఫొటో. పైన "మా ట్రైల్ కుటుంబ సభ్యురాలు" అని రాశారు.

కుటుంబమా? కుటుంబంలో మనిషి చావుబతుకుల్లో ఉంటే తలుపు తియ్యరా?

మా ఊళ్లో ఇద్దరు నిండు గర్భిణులున్నారు. వానలు ఇంకా పోలేదు. గేట్లు మళ్లీ సాయంత్రమే మూసేశారు.

ఫ్రెండ్స్, ఒక్క సాయం చేయండి. ఆ పోస్ట్ కింద ఆర్‌ఐపీ అని పెట్టకండి. దండం బొమ్మలు కూడా వద్దు.

"తాళం తీయండి" అని పెట్టండి. తీసేదాకా పెడుతూనే ఉండండి.

పోయిరా అత్తా. ఎవరూ ఆపని చోట హాయిగా ఉండు.