బాబాయి చెయ్యి జారలేదు

మొన్న నందిగామ బస్టాండు పక్కన ఒకాయన సైకిల్ ట్యూబుకి సొల్యూషన్ పూస్తున్నాడు. ఆ ఘాటు వాసన తగలగానే నడుస్తున్నదాన్ని నిలబడిపోయాను. అది యోహాను బాబాయి షాపు వాసన. ఆయనకి పంక్చర్లతో పనిలేదు. జగ్గయ్యపేటలో గిటార్లు, కీబోర్డులు, చర్చిల ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. నాకు వరసకి ఏమీ కాడు, మా వీధివాడు కాబట్టి బాబాయి. డిప్లొమా అయ్యాక నాలుగేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను.

గిటార్‌కి వైరు గుచ్చే చోట పల్చటి నట్టు ఒకటి ఉంటుంది. వదులైతే ఎవరైనా బిగిస్తారు. చుట్టూ ఉన్న వార్నిష్ మీద గీత పడకుండా బిగించడమే కష్టం. బాబాయి ట్యూబ్ స్పానర్ల మూతిని ఆకురాయితో అరగదీసి, అంచుకి పాత చెప్పుల మెత్తటి తోలు సొల్యూషన్‌తో అతికించుకునేవాడు. అది చాలదన్నట్టు ఎక్స్‌రే ఫిల్ముకి నట్టు సైజు కన్నం చేసి కింద పరిచేవాడు. ఆ ఎక్స్‌రే ఆయన ఛాతీదే. "దగ్గుకి తీయించా. ఏం లేదన్నారు. ఇదిగో, ఇందుకు పనికొచ్చింది" అని నవ్వేవాడు. నాకేమో ఒళ్లు మండేది. "రెండు నిమిషాల పనికి ఇంత తతంగమా బాబాయ్?" అంటే, "రోజూ ఆ గీత చూసుకునేది మనం కాదు గదమ్మాయ్" అనేవాడు.

ఒక డిసెంబరులో వీరులపాడు నుంచి సుగుణమ్మ టీచరుగారు నల్ల గిటార్ ఒకటి తెచ్చారు. పోయిన భర్తది. చర్చిలో ఆయన వాయించేవారట, ఆ క్రిస్మస్‌కి తను వాయిద్దామనుకున్నారు. వైరు గుచ్చితే గరగరమంటోంది, నట్టు వదులైంది, అంతే. బాబాయి చిల్లకల్లు చర్చికి వెళ్తూ, "నేనొచ్చాక చూద్దాం, ముట్టుకోకు" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఆయన అటు వెళ్లగానే కటింగ్ ప్లేయర్ తీసుకుని నట్టు పట్టి తిప్పాను. జారింది. ఆ నల్లటి నునుపు మీద వేలెడు పొడుగున తెల్లటి గీత పడింది.

సాయంత్రం బాబాయీ, గిటార్ తీసుకెళ్దామని టీచరుగారూ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. ఆయన గీతను చూశాడు, బల్ల మీది ప్లేయర్‌ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను చెబుతానని కాసేపు ఆగాడు. నేను తల వంచుకున్నాను.

"ఏంటండీ ఇది?" అన్నారు టీచరుగారు.

"నా చెయ్యి జారిందమ్మా. తప్పయిపోయింది" అన్నాడు బాబాయి.

ఆవిడ గిటార్ పట్టుకుని వెళ్లిపోయారు. బాబాయి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ప్లేయర్ తీసి సొరుగులో పెట్టి, టీ తాగుదామా అన్నాడు.

సంక్రాంతి దాటేసరికి, యోహానుకి చెయ్యి వణుకుతోందట, చూపు ఆనడం లేదట అన్న మాట చర్చిలన్నీ చుట్టేసింది. మంచి గిటార్లు రావడం మానేశాయి. మిగిలినవి పాత మైకులూ స్పీకర్లే. తోలు మూతి స్పానర్లకి దుమ్ము పట్టింది. ఏడాది తిరక్కుండా నేను నందిగామలో ఉద్యోగం చూసుకున్నాను. పండక్కీ పబ్బానికీ వెళ్లినప్పుడల్లా ఈసారి బాబాయితో చెప్పేయాలి, టీచరుగారి దగ్గరికి వెళ్లి ఒప్పుకుంటానని చెప్పాలి అనుకునేదాన్ని. ఆయన "ఉద్యోగం ఎట్లా ఉందమ్మాయ్?" అనేవాడు. నేను ఉద్యోగం గురించి చెప్పి వచ్చేదాన్ని. పోయిన వానాకాలం బాబాయి చనిపోయాడు.

నెల తర్వాత సిగ్గు విడిచి వీరులపాడు వెళ్లాను. వరండాలో కూర్చోబెట్టి టీచరుగారు మంచినీళ్లిచ్చారు. జరిగిందంతా చెప్పాను. ఏడ్చాను కూడా. తిడతారనుకున్నాను. తిడితే నా బరువు కాస్త దిగుతుందనీ అనుకున్నాను.

"చెయ్యి వణుకుతోందని నలుగురికీ చెప్పింది నేనేనమ్మా" అన్నారావిడ. "ఆయనుండగా వచ్చి ఈ ముక్క చెప్పి ఉంటే, వెళ్లి కాళ్లు పట్టుకునేదాన్ని గదా. ఇప్పుడు దీన్ని నన్నేం చేసుకోమంటావు?"