పొగ పట్టే మాస్టారు

చోడవరంలోకి కొత్త బండి ఏదొచ్చినా జనం దాని ముందు చేరతారు. వేంకటరమణమూర్తి మాస్టారు మాత్రం వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర గొంతుక్కూర్చుంటారు. ఆయన దృష్టిలో బండంటే పొగ. మిగిలిన ఇనుమంతా ఆ పొగను మోసుకు తిరిగే సామాను.

బుచ్చయ్యపేటలో మేనకోడలి పెళ్ళికి పెళ్ళికొడుకు పూలకారులో దిగాడు. అందరూ ఎదురెళ్ళారు, మేనమామ తప్ప. కారు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"డ్రైవరుగారూ, ఇంజను ఆపకండి! ఇంకో రెండు నిమిషాలు!"

"ఒరే తమ్ముడూ, పెళ్ళికొడుకు ఇటున్నాడ్రా!" అని అక్కగారు కనకవల్లి తల పట్టుకుంది.

"అతను ఎక్కడికీ పోడు కదా అక్కా. పొగ పోతే మళ్ళీ దొరకదు."

ఆయన కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరు. బళ్ళ పొగ పీల్చిన తెల్లెలకల్లో, తరం నుంచి తరానికి దిగే జన్యువులు చెడతాయా అని డెబ్బై నాలుగులో పరీక్ష మొదలెట్టారు. పొగను లారీ ట్యూబులోకి పట్టి, ఆ ఉబ్బిన ట్యూబును మెడలో దండలా వేసుకుని సైకిలు తొక్కేవారు.

"ఏటి మాస్టారూ, పంచరా?" అనేవాడు కానిస్టేబులు.

"కాదు నాయనా, పొగ."

ఆ జవాబుకు ఏ సెక్షనూ లేదు గనక కానిస్టేబులు దారి ఇచ్చేసేవాడు.

మాడుగుల రోడ్డులో లారీలు బాగుచేసే సత్యారావుకు మాటకారులంటే గిట్టదు. ట్యూబు నుంచి పొగ కారిపోతోందని మాస్టారు వస్తే పిచ్చాయనే అనుకున్నాడు. అయినా వాషరు కోసి, ఇత్తడి మూత బిగించి ఇచ్చాడు. మాస్టారు దాన్ని నీళ్ళలో ముంచి, ఒక్క బుడగైనా రాలేదని చూసి, సత్యారావుకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు. "రేపు కాలేజీకి రా. నీ మూత ఏం పనిచేస్తోందో చూద్దువుగాని."

వెళ్ళి చూశాడు. రెండు పెట్టెలు. ఒకదాంట్లో ఎలకలకు పొగ, రెండోదాంట్లో ఉత్త గాలి. మాస్టారు చచ్చిన ఎలక తొడ ఎముక తీశారు. అగరొత్తి పుల్లంత సన్నంగా ఉంది. రెండు కొసలూ కత్తిరించి, సూదితో నీరెక్కించి, లోపలి మూలుగను గాజుపలక మీదికి దించారు. చెయ్యి వెంట్రుకవాసి వణకలేదు. ఇరవై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న సత్యారావు ఆ చేతికేసే చూస్తూ నిలబడ్డాడు.

"మైక్రోస్కోపులో ఏం కనిపిస్తోంది?"

"ఊదారంగు దారం ముక్కలండి."

"జన్యువులుండేది ఆ దారాల్లోనే. అది మంచి గాలి పీల్చిన ఎలకది. ఇప్పుడు పొగ పీల్చినదాన్ని చూడు."

"బాబోయ్! ఇందులో ఒకటి ఇరిగిపోనాదండి!"

"మెకానిక్కువి కదా, ఇట్టే పట్టేవు. కాని ఒకటి చూసి నోరు తెరవకూడదు. వందలకొద్దీ చూడాలి."

ప్రాణం ఉన్నదానికీ లోపల ఇంత సన్నటి బిగింపులు ఉంటాయని సత్యారావుకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చాక చాలాసేపు స్పానరు పట్టుకోబుద్ధి కాలేదు.

సత్యారావు ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉంది. వంటింటి కిటికీ షెడ్డులోకే. ఓ రోజు భార్య రాజ్యం మాస్టారికి మజ్జిగ ఇచ్చి లోపలికెళ్ళాక సత్యారావు గొంతు తగ్గించాడు. "మూడో నెలండి. ముందు రెండుసార్లూ నిలబడలేదు. ఈసారైనా..."

మాస్టారు మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు కొత్త పేచీ పెట్టారు.

"ఇక్కడ ఇంజను స్టార్టు చెయ్యకయ్యా. మీ వంటింటి పొగ కలిసి నా పొగ మైలపడుతోంది. ఫర్లాంగు అవతల చెరుకుతోట దాటాక చెయ్యి."

"పొగకి మడేటండి మాస్టారూ!"

"శాస్త్రం. తప్పదు."

అంత చేతిపని తెలిసినాయన మాట కాదనలేక సత్యారావు ప్రతి లారీనీ మనుషుల్ని పెట్టి తోయించేవాడు. డ్రైవర్లు తిట్టేవారు. మాస్టారు రోజూ వచ్చి, లారీ తోట దాటిందో లేదో చూసి, పొగ పట్టుకుపోయేవారు.

రెండు నెలలయ్యాక సత్యారావు కొత్త వాషరు ఇద్దామని కాలేజీకి వెళ్ళాడు. పెట్టెలు రెండూ బోర్లించి ఉన్నాయి.

"ఎలకలేవిరా?" అని అటెండరు పెదబాబునడిగాడు.

"పరీచ్చ అయిపోయి రెండు నెల్లైంది కదేటి!"

"మరి రోజూ పట్టుకొస్తన్న పొగ?"

"పెరట్లో ఒగ్గెస్తన్నారు." పెదబాబు అటూ ఇటూ చూశాడు. "సెప్పొద్దన్నారు. పొగకి ఎలకల్లో సెడినట్టు తేలింది గాని మనుషుల సంగతి రుజువు లేదంట. రుజువు లేని మాట సెప్తే మీ ఆవిడ బెంగెట్టుకుంటాది, నువ్వు పోయిన రెండు కడుపులకీ నిన్నే తిట్టుకుంటావంట. అందుకే కిటికీకాడ పొగ లేకుండా సెయ్యడానికి ఈ ఉపాయం."

సత్యారావు తెచ్చిన వాషరు జేబులో వేసుకుని తిరిగొచ్చేశాడు.

సాయంత్రం తోట అవతల, ఆగివున్న లారీ వెనక మాస్టారు యథాప్రకారం కూర్చున్నారు. సత్యారావు పక్కనే కూర్చుని ట్యూబు పట్టుకున్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళు పట్టాలండి ఈ పొగ?"

"నాలుగు నెలలు పడుతుందయ్యా."

"మరో మూడు నెల్లు కలపండి మాస్టారూ. బాలింతలక్కూడా పొగ పడదు."

మాస్టారు తలెత్తి చూసి, చటుక్కున దించేసుకున్నారు.

"అలాగే," అన్నారు పొగగొట్టంతో. "శాస్త్రం. తప్పదు మరి."