నీళ్ళు పోసి పెళ్ళి చేసిన ముత్తయ్య

మా మరిది పాయం ముత్తయ్య మంగళవారం పొద్దున పోయాడని జూలూరుపాడు నుంచి ఫోను వచ్చింది. నమ్మలేక మరోసారి చెప్పించుకున్నాను. సంతాప ఫ్లెక్సీ మీద వయసు డెబ్బై అని వేశారు. అరవై ఎనిమిది. పూజారి అని కూడా వేశారు, అదీ తప్పే. మా కోయగూడెంలో పెళ్ళిళ్ళు జరిపించే పెద్ద అతడు.

మా ఆచారంలో పెళ్ళికూతురు తల వంచితే పెళ్ళికొడుకు ఆమె మీదికి వంగుతాడు. పెళ్ళి జరిపించే పెద్ద పెళ్ళికొడుకు తల మీద నీళ్ళు పోస్తాడు. ఆ నీళ్ళు జారి ఆమె తల తడిస్తే పెళ్ళయినట్టు.

మా గూడెం పిల్ల నాగమణి పెళ్ళిలో ఫొటోగ్రాఫరు ఆ క్షణాన్ని అందుకోలేకపోయాడు. ఇంకోసారి పొయ్యమన్నాడు. "మల్ల పోస్తే ఇందాకటిది ఉత్తదైతది గద బిడ్డా. తడిసిన పిల్లను ఆరబెట్టి మల్ల తడపాల్నా?" అన్నాడు ముత్తయ్య. అందరూ నవ్వారు. ఆ ఫొటో లేకుండానే పెళ్ళి ముగిసింది.

సత్తుపల్లి బొగ్గుగనిలో పనిచేసే నాగమణి భర్త నిరుడు జ్వరంతో పోయాడు. భార్యగా తనకు రావలసిన ఉద్యోగం అడగబోతే, గని ఆఫీసులో పురోహితుడి పత్రమో పెళ్ళి ఫొటోనో తెమ్మన్నారు. మా తెగల పెళ్ళికి మా ఆచారమే చాలు. ఫలానావాడే జరిపించాలని చట్టం ఎక్కడా అనలేదు. ఆ మాట నేనే వెళ్ళి చెప్పాను. ముత్తయ్య సాక్ష్యానికి వచ్చాడు. నీకు లైసెన్సు ఉందా అని అడిగాడు ఆఫీసరు.

"నీళ్ళు పొయ్యనీకి లైసెన్సు ఎవలిస్తరు సారూ?"

అక్కడా నవ్వారు. గూడెంలో నవ్విన నవ్వు కాదది.

బయట ఒక దళారి, పురోహితుడి సంతకంతో కాగితం పుట్టిస్తానన్నాడు. నాగమణి ఆశగా ముత్తయ్య వైపు చూసింది. అతడు నావైపు తిరిగాడు.

"వదినా, పెండ్లి ఇంకోడు చేసిండని రాస్తే నేను పోసిన నీళ్ళేంది? ఇన్నేండ్లు ఈ పిల్ల వానికి ఏమైనట్టు?"

నాగమణి ఆ కాగితం తీసుకోలేదు, కూలికి పోతోంది. తన మాటతోనే ఆమె దాన్ని వదులుకుందని ముత్తయ్యకు తెలుసు. ఆ తరువాత ఇంట్లో ఏది వండినా ముందు ఆమె పిల్లలకు పంపేవాడు.

పై అధికారికి రాసుకున్నాం. జవాబు శుక్రవారం వచ్చింది. ఆచారం ప్రకారం జరిగిన పెళ్ళిని ఒప్పుకుంటారట. జరిపించిన పెద్ద స్వయంగా వచ్చి చెబితే చాలట.

ముత్తయ్యను సాగనంపింది అంతకు రెండు రోజుల ముందే, బుధవారం.

గూడెంలో రేపటి పెళ్ళిళ్ళకు నీళ్ళు పోసేందుకు ఇంకొకరు వస్తారు. నాగమణి పెళ్ళికి అతడొక్కడే. మరిదికి చేతులెత్తి మొక్కుతున్నాను. అతడు రాలేడని ఆ ఆఫీసుకు రాయవలసింది కూడా నేనే.