తూటా అడుగున అల్యూమినియం గిన్నె

మొన్న ఆదివారం మా తోడల్లుడి ఇంట్లో పార్టీ అయ్యాక, పులిహోర ఖాళీ అయిన అల్యూమినియం ట్రేని చెత్తలో వేయబోతూ, అలవాటు చావక దాని అంచుని బొటనవేలితో నొక్కి చూశాను. రేకు కనబడితే మందం చూడటం, చూసినప్పుడల్లా మా తోడల్లుడి మీద పాత కుళ్ళు లేవడం నాకు మామూలే. మనలో మన మాట, అది కుళ్ళే. మర్యాదగా ఇంకో పేరు పెట్టలేను.

రెండువేల పది ప్రాంతంలో అమెరికాలోని బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగం చేస్తూ, ఇల్లూ ఆఫీసూ కారూ తప్ప మరో లోకం లేని నన్ను పక్కింటి తెల్లజాతి పెద్దాయన తన గరాజ్‌లోకి పిలిచి ఒక స్టూలు చూపించాడు. భార్య పోయిన మనిషి. జింకల వేటకి వెళ్ళే తన పాత రైఫిల్‌కి సీసం కరిగించి తూటాలు తనే పోసుకునేవాడు. మందు పేలినప్పుడు పుట్టే వేడికి సీసం పాడవకుండా తూటా అడుగున ఒక చిన్న లోహపు గిన్నె తొడగాలి, దాన్ని గ్యాస్ చెక్ అంటారు. ఆయన దాన్ని కొనకుండా, ఇంటికప్పులకి వాడే అల్యూమినియం రేకులోంచి బిళ్ళలు కొట్టి తయారుచేసేవాడు. వేళ్ళు వణుకుతున్నాయని తొడిగే పని నాకప్పగించాడు. రెండేళ్ళపాటు ప్రతి శనివారం పొద్దున్న నా చోటు ఆ స్టూలే. పదింట్లో మూడు వంకరగా కూర్చునేవి, ఆయన వాటిని మళ్ళీ కరిగించే డబ్బాలో వేసేవాడు.

కొత్తగా మా ఊరికి ఉద్యోగానికొచ్చిన తోడల్లుణ్ణి, నా గొప్ప చూపించుకుందామని, నేనే అక్కడికి వెంటబెట్టుకెళ్ళాను. బుద్ధితక్కువ పని. వరసకి తమ్ముడు కనక వాడు అనేస్తున్నాను, వాడు ఇంజినీరింగ్ వర్క్‌షాప్‌లో నేర్చిన విద్యట, రేకుకి సబ్బు రాసి, ఆ సబ్బు నల్లబడేదాకా వేడిచేసి, మెత్తబడ్డాక గిన్నెలు కొట్టి తొడిగాడు. పదికి పదీ తిన్నగా కూర్చున్నాయి. రెండేళ్ళలో నన్నొక్కసారైనా మెచ్చుకోని మనిషి ఒకదాన్ని వెలుతురుకి పట్టి చూసి, వాణ్ణి కొడుకా అని పిలిచాడు. పై శనివారానికి నా స్టూలు మీద వాడు కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాణ్ణి మించిపోవాలని, తలో వంటా తెచ్చుకుని తినే మన పాట్‌లక్‌ల్లో మిగిలిన ట్రేలన్నీ పోగేసి, మా ఆవిడ వింతగా చూస్తున్నా నూనె వదిలేలా తోమి, కత్తిరించి పట్టుకెళ్ళాను. వేడిచేయకుండానే మెత్తగా ఉన్నాయి కదా అని నా తెలివి. అవి మరీ పల్చన, తొడిగినవి తొడిగినట్టే ఊడి బల్లమీద పడ్డాయి. పెద్దాయన పడీపడీ నవ్వాడు. తోడల్లుడు మాత్రం నవ్వలేదు, పైగా ఎంతో ఓపిగ్గా, ఇలా పట్టుకో అన్నయ్యా అంటూ నేర్పబోయాడు. అది నేను భరించలేకపోయాను.

వేట రోజులకి ముందు రైఫిల్ సరిచూసుకోవడానికి షూటింగ్ రేంజ్‌కి వెళ్తూ, తమ్ముణ్ణి తప్పకుండా తీసుకురమ్మన్నాడు పెద్దాయన. వాడికి తుపాకులంటే ఇష్టం లేదు, ఇక రాడు అని ఆయనతో చెప్పాను. నిన్నిక తీసుకురావద్దన్నాడురా అని వాడితో చెప్పాను. ఇద్దరూ నమ్మారు. ఆరోజు వాడు తొడిగిన తూటాలే ఒకదాని పక్కన ఒకటి గురికి తగిలాయి. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ అబ్బాయి రాకపోవడం తనకి బాధగా ఉందన్నాడు. నేను అవునన్నట్టు తలూపాను.

ఆ చలికాలమే ఆయన వేరే రాష్ట్రంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడే పోయాడు. ఇప్పుడు మా వీధిలో గరాజ్‌లు కారు దూరడానికి తెరుచుకుని వెంటనే మూసుకుంటాయి. లోపలికి రమ్మని పిలిచేవాళ్ళు లేరు. మొన్న పార్టీలో మా తోడల్లుడు తన కూతురితో అంటున్నాడు, "ఆ తాతకి నేనెందుకో నచ్చలేదమ్మా, మన రంగు చూశాడేమోలే," అని. ఆ పిల్ల నిజమా అన్నట్టు నావైపు చూసింది. నేను ప్లేటులోకి చూసుకున్నాను.

ఒక్క మాట చెబితే చాలు, ఆ మంచి మనిషి మీద పడ్డ నింద తొలగిపోతుంది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే, పెద్దాయనకి నాకంటే తనంటేనే ఇష్టమని వాడికి తెలిసిపోతుంది.