గోదావరి మీద వేసిన నింద

నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన కొన్నాళ్లకు మా ఊరికి కాలువ తవ్వారు. అంతవరకూ మావి వాన దయ మీద బతికే చేలు. నీళ్లు వదిలిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. అబ్బ, ఏం చెప్పను! మొదట సన్నటి నురగ కనిపించింది. తర్వాత నెర్రెలిచ్చిన నేల గుటకలు వేసిన చప్పుడు విన్నాను, నిజంగా విన్నాను. చినుకు లేని ఆకాశం కింద గోదావరి మా చేల దాకా నడిచి వచ్చింది. మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

అంత గొప్పదాన్ని చూసిన కళ్లతోనే ఆ పాడుపని ఎలా చేశాను?

నా చేను దాటాకే అప్పన్న చేనుకు నీళ్లు వెళ్లాలి. అప్పన్న చేపలు పట్టే ఇంటివాడు. కాలువ వచ్చిందని మురిసిపోయి, ఇంటా వంటా లేని పనికి దిగాడు. ఎకరం బంజరు తీసుకుని నారు పోశాడు. ఆ ఏడు నీళ్లు వంతులవారీగా ఇచ్చేవారు. అతని వంతు వచ్చేసరికి నా నారు వాడుతోంది. ఒక్కపూటే కదా అనుకుని, నా చేలో నుంచి అతని చేనుకు పోయే బోదెకు, ఆ పిల్లకాలువకు, అడ్డంగా మట్టి వేసి నీళ్లు నా వైపు తిప్పుకున్నాను. ఒక్కపూట కాస్తా మూడు రోజులైంది. నా నారు తేరుకున్నాక కూడా ఆ మట్టి ఎందుకు తీయలేదు? ఆశ. అంతకన్నా మంచి పేరు దొరకడం లేదు.

రైతు ఎవడైనా అయితే పార భుజాన వేసుకుని బోదె వెంట పైకి వచ్చి నన్ను నిలదీసేవాడు. అప్పన్న రాలేదు. వరద వచ్చే వేళకు చేపలు పట్టేవాళ్లు పసుపు కుంకుమలతో రేవులో ఎదురుచూస్తారు. గంగమ్మ తనంతట తాను రావాలి, వెళ్లి పిలవకూడదు. అతనూ అలాగే తన చేను మొదట్లో మూడు రోజులు కూర్చున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఇంటి అరుగు దగ్గరకు వచ్చాడు.

"అందరి చేలకీ వచ్చిన తల్లి నా దగ్గరికి రాలేదేంటండి? వల వదిలేసి నాగలి పట్టానని కోపమొచ్చిందంటారా?"

"అయ్యుండొచ్చురా అప్పన్నా," అన్నాను.

"ఆయ్, నాకూ అలాగే అనిపించిందండి. తప్పైపోయింది," అని చెంపలేసుకున్నాడు.

అతని నారు ఎండిపోయింది. మళ్లీ నాగలి ముట్టలేదు. ఊళ్లో పూరిళ్లు పెంకుటిళ్లయ్యాయి, అంబలి తాగినవాళ్లు వరి అన్నం తిన్నారు. అప్పన్న ఇంట్లో ఏ మార్పూ లేదు. పైగా నిజం చెప్పిన పెద్దమనిషినని ప్రతి వరదకూ నాకు పులస తెచ్చిచ్చేవాడు. తిన్నాను. ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలేదు.

మొన్న అప్పన్న పోయాడు. దినాలయ్యాక అతని పెద్దకొడుకు వచ్చాడు. బీడుపడ్డ ఆ ఎకరం దున్నుకుందామనుకుంటున్నాడట, గంగమ్మ తల్లికి కోపం తగ్గి ఉంటుందా అని నన్ను అడిగాడు. నేను తల దించుకున్నాను. తగ్గలేదనుకున్నాడు కాబోలు, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

అందుకే రాస్తున్నాను. వాళ్లింటికి వెళ్లి ఈ మాట చెప్పగలనో లేదో తెలియదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ తల్లికి ఏ కోపమూ రాలేదు. ఆమె వస్తూనే ఉంది. ఆపింది నేను.