గరాటు వాన

దయ్యం పట్టిందని నా దగ్గరకు ఫోన్లు తెచ్చేవాళ్ళు చాలామంది. దానంతట అదే నంబర్లు నొక్కుతోందంటారు, చచ్చిపోయిన అత్తకు కాల్ పోతోందంటారు. మార్కాపురంలో నాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. వెనక మూత తీసి, లోపలి చెమ్మ తుడిచి, "ఇదిగో మీ దయ్యం" అని తడిగుడ్డ చూపించడం నాకు సరదా. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే చూడండి.

మాది గొర్రెల కాపర్ల ఇల్లు. అర్ధవీడు మండలంలో, కొండల కింద ఊరు. మా అన్న పెద్దయ్య మందతోనే ఉండిపోయాడు. నేను ఐటీఐ చదువుకుని సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను. బేరం లేనప్పుడు పాత సామాన్లతో ఏదో ఒకటి చేస్తూ కూర్చోవడం నాకు పిచ్చి. అలా ఫోన్‌లో నాలాంటి పిచ్చోళ్ళ గుంపు ఒకటి పరిచయమైంది. ఎవరి మిద్దె మీద వాళ్ళు సొంతంగా చేసిన వర్షమాపకం పెట్టుకుని, ఎక్కడెంత కురిసిందో ఒకరికొకరు పంపుకుంటారు.

నేనూ ఒకటి చేశాను. పైన నూనె గరాటు. దాని కింద ఉయ్యాలబల్లలాగా అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న దొప్పలు. ఒక దొప్ప నిండితే ఒరిగి నీళ్ళు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికొస్తుంది. ఒరిగినప్పుడల్లా దానికి అంటించిన అయస్కాంతం ఒక స్విచ్చిని తాకిపోతుంది. పక్కనే పెట్టిన చిన్న సర్క్యూట్ బోర్డులోని సిమ్ ఆ సంగతి నా ఫోన్‌కు పంపుతుంది. ఫోన్‌లో గీత ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. వాన జోరుగా పడితే నిటారుగా లేస్తుంది, తగ్గితే పడుకుంటుంది.

దాన్ని మా ఊళ్ళో కాకుండా కొండ మీది ఎగువూళ్ళో, సుబ్బరాయుడు శెట్టిగారి దుకాణం మిద్దె మీద పెట్టాను. ఎందుకంటే ఆ కొండ మీద పడిన వానే మా వాగులోకి దిగుతుంది. వానాకాలంలో చేలల్లో మంద నిలిపితే బురదకు గొర్రెల గిట్టలు పుండ్లు పడతాయి. అందుకని మావాళ్ళు వాగులో ఇసుక మీదే మంద పెడతారు. ఇసుక పొడిగా ఉంటుంది, చెలమ తవ్వితే నీళ్ళు దొరుకుతాయి. పగలు అన్న పెద్ద గొర్రెలను మేపుకు తోలుకుపోతాడు. పాలు తాగే గొర్రెపిల్లలను పెట్టుకుని మా వదిన ఓబుళమ్మ అక్కడే ఉంటుంది. ఎగువన వాన పడితే ముందుగా ఆమెకు చెప్పాలని నా ఆశ. నా చేతి పని ఇంటికి పనికొస్తుందంటే గర్వంగా కూడా ఉండేది.

పెట్టిన కొత్తలో ఒకరోజు, మంచి ఎండ పూట, గీత లేవడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత కాసేపు ఆగి, ఒక్కసారిగా నిటారుగా. మధ్యలో చిన్న నొక్కు, మళ్ళీ నిటారు. వెంటనే వదినకు ఫోన్ చేశాను. పాపం, ఆమె ఒక్కతే గొర్రెపిల్లలను గంపల్లో మోసి గట్టుమీది బండల పైకి చేర్చింది.

ఆ తర్వాత శెట్టిగారు ఫోన్ ఎత్తారు. "వానా? మిద్దె మీద కందులు ఎండబోసుకొని కాపలా కూసున్నా నాయనా. మబ్బు తునక గూడా లేదు" అన్నారు.

వాగుకు నీళ్ళు రాలేదు. బండల వేడికి నాలుగైదు పిల్లలు చచ్చిపోయాయి. దానికి గరాటు వాన అని పేరు పెట్టింది వదినే. ఊరంతా అందుకుంది. ఎవరైనా కోతలు కోస్తే "ఇది గరాటు వాన కాదు గదా" అనేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే పోయి మాపకం విప్పాను. గరాటులో పొడి దుమ్ము, ఒక సాలెగూడు. నీటి చార లేదు. గాలికి దొప్పలు ఊగాయేమోనని ఫ్యాను పెట్టి చూశాను, ఊగలేదు. సెలైన్ సీసాతో చుక్కలు వదిలాను, సరిగ్గానే లెక్కపెట్టింది. అయినా బోర్డు మార్చాను, స్విచ్చి మార్చాను, లోపల దాచుకున్నదంతా చెరిపేశాను. ఆ దొంగ గీతను మాత్రం ఫోన్‌లో ఉంచి గుంపులో పెట్టాను. వైరు వదులైందని ఒకరు, బల్లి దూరిందని ఒకరు అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మార్కాపురంలో చెమటలు కారే ఉక్క. గీత మళ్ళీ కదిలింది. మెల్లగా ఎక్కి, ఆగింది. ఆ ఆగడం నాకు ముందే తెలిసినట్టనిపించింది. పాత గీత తెరిచి దాని మీద పెట్టాను. వచ్చినంత మేరా ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. దొప్ప ఒకసారి ఒరగడానికీ మళ్ళీ ఒరగడానికీ మధ్య ఎడం కూడా అంతే.

వాన సంగతి కొద్దిగా తెలిసినవాడికి ఎవరికైనా ఇది అర్థమవుతుంది. ఏ రెండు వానలూ ఒక్క తీరుగా కురవవు. ఇంత అచ్చుగా కలిసిందంటే అది వాన కాదు, యంత్రం పాత పాటే మళ్ళీ పాడుతోంది. నా చదువు నాకు చెప్పింది అదే. కానీ చెరిపేసినదీ, బోర్డుతో సహా మార్చేసినదీ ఎలా పాడుతుంది?

శెట్టిగారికి చేశాను, కలవలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. అన్నకు చేస్తే మేపు దగ్గర సిగ్నల్ లేదు. చివరికి వదిన ఎత్తింది.

"ఏంది మరిదీ, నీ గరాటు మళ్ళా ఏడుస్తాందా?" అని నవ్వింది.

అబద్ధమే అయ్యుంటుంది, అయినా ఒకసారి పైకి పో వదినా అన్నాను.

"ఈడ ఎండ మాడిపోతాంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలీదంటారు. నీ గరాటుకు తెల్సిపోయిందా? సర్లే, నువ్వు చెప్పినాక కాదంటానా. పిల్లల్ని గట్టెక్కిస్తా. ఈసారి గూడా రాకుంటే నాకు చీర కొనియ్యాల."

కొంటానన్నాను. షట్టరు దించి బస్సెక్కాను. దారి పొడుగునా ఎండే. ఫోన్‌లో గీత మాత్రం నిటారుగా లేస్తూనే ఉంది. తర్వాత నొక్కు ఎక్కడ వస్తుందో నాకు ముందే తెలుసు. వచ్చింది. వదినకు చేస్తే మోగింది, ఎత్తలేదు. ఆ తర్వాత మోగనూ లేదు. నేను చేయగలిగింది ఏమీ లేదు. బస్సు దిగి పరిగెత్తినా బస్సు కంటే ముందు పోలేను.

గట్టు మీద గడ్డి కోస్తున్న ఒకామె తర్వాత చెప్పింది. వదిన మొదటి విడత పిల్లలను పైకి తెచ్చిందట. "మా మరిదికి పని లేదు, నాకు పని పెట్టినాడు" అని ఆమెతో నవ్వుతూ అని, మిగిలిన వాటి కోసం మళ్ళీ దిగిందట. వాగు పైనుంచి చప్పుడు వినపడి ఆమె కేకేసే లోపే ఎర్రనీళ్ళు వచ్చేశాయట. అక్కడ అప్పటికి చుక్క వాన లేదు.

సాయంత్రానికి వదిన దిగువన తుమ్మచెట్ల దగ్గర దొరికింది. ఒక గొర్రెపిల్ల ఆమె కొంగుముడిలోనే ఉంది.

నేను ఫోన్ చేయకపోతే ఏమయ్యేది? ఆమె ఇసుక మీదే ఉండేది, నీళ్ళు ఎలాగూ వచ్చేవి. ఆ మొదటి దొంగ గీత రాకపోతే ఏమయ్యేది? ఈసారి నేను నసగకుండా గట్టిగా చెప్పేవాడిని. ఆమె నవ్వకుండా వినేది, ఒట్టి చేతులతోనైనా పైన ఉండిపోయేది. ఎటు తిప్పి చూసినా గుండె మండుతుంది.

ఇంకొక సంగతి కూడా నాకు మింగుడు పడదు. ఎగువూళ్ళో వాన మొదలు కాకముందే పెద్ద గాలి లేచి, కరెంటూ సిగ్నలూ రెండూ పోయాయట. మళ్ళీ వచ్చింది మర్నాడేనని శెట్టిగారు చెప్పారు. ఆయన ఫోన్‌లో సిమ్, నా బోర్డులో సిమ్ ఒకే కంపెనీవి. మరి ఆ మెట్లన్నీ నాకు ఎలా అందాయి?

కర్మ అయిపోయాక మాపకం పీకి వాగులో పారేద్దామని పోయాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టుకోవద్దు దాన్ని. అది చెప్పిందిరా. మనమే ఇనలేదు" అన్నాడు. మాపకాన్ని అక్కడే వదిలేసి మిద్దె దిగాను.

ఈ మధ్య మూడో గీత వచ్చింది. పగటి పూటే, ఆకాశం అద్దంలా ఉండగా. శెట్టిగారి మిద్దె పొడిగా ఉంది. ఇది ముందు దాని లాంటిది కాదు. దానికంటే పొడుగు, ఎక్కడా ఆగకుండా నిటారుగా లేచింది. మాపకం విప్పాను, అంతా సరిగ్గానే ఉంది. ఇది ఎందుకు జరుగుతోందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళను అడిగాను, వాళ్ళకూ తెలియదు.

అన్నకు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాగులో మందలన్నీ ఆ రోజే గట్టెక్కాయి. అప్పటినుంచి చూస్తూనే ఉన్నారు. వాన లేదు, నీళ్ళూ రాలేదు. వాన కోసం మొక్కులు మొక్కే సీమలో పుట్టి, చిన్న మబ్బు కనిపించినా ఫోన్ తీసి గీత చూసుకుంటున్నాను.

నిన్న పొద్దున అన్న ఫోన్ చేశాడు. "ఇంగా ఎన్ని దినాలు పైన కూసోవాల్రా? గొర్లకు నీళ్ళు యాడ తాపాల?" అన్నాడు.

రాబోయే వానను ఒకసారి వారాల ముందే కురిసినట్టు చూపింది గానీ, ఎప్పుడు కురుస్తుందో అది ఎన్నడూ చెప్పలేదు. అన్న వెనక వాగులో చెలమ తవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది. పారతో తడి ఇసుక తోడి పోస్తున్న చప్పుడు.